కంటి శిబిరంలో రెండో బల్ల వేయండి

కంటి వైద్య శిబిరాలు నిర్వహించే సేవా సంస్థల పెద్దలకు, ఊళ్ళలోని యువజన సంఘాల వారికి, సొంత ఊరి మీద మమకారంతో డబ్బు పంపే ప్రవాస తెలుగు సంఘాల వారికి,

నమస్కారం.

అక్టోబరు దగ్గర పడుతోంది. ఆ నెల రెండో గురువారం ప్రపంచ దృష్టి దినోత్సవం, 15వ తేదీన తెల్ల కర్ర దినోత్సవం. రెంటికీ మధ్య వారానికి మించి తేడా ఉండదు. అయినా మన ఊళ్ళలో ఇవి వేరువేరు చోట్ల, వేరువేరు మనుషుల కోసం జరుగుతాయి. మొదటిరోజు హైస్కూలు ఆవరణలో షామియానా వేసి కంటి పరీక్షలు చేయిస్తారు. రెండోరోజు అంధుల పాఠశాలకు వెళ్ళి పళ్ళు, దుప్పట్లు పంచుతారు. మొదటి కార్యక్రమానికి చూపు పోయినవాళ్ళను ఎవరూ పిలవరు. రెండో కార్యక్రమానికి కంటి డాక్టరు రారు. ఈ రెండింటినీ ఒకే షామియానా కిందికి తెమ్మని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. నాకు చూపు లేదు. మా అమ్మానాన్నలది మేనరికం. చిన్నప్పుడు పొద్దుగూకితే దారి కనిపించేది కాదు. ఇంట్లో వాళ్ళు రేచీకటి అన్నారు. మునగాకు, క్యారెట్టు, చేపనూనె మాత్రలు అన్నీ అయ్యాయి. అది విటమిన్ లోపం కాదని, రెటినైటిస్ పిగ్మెంటోజా అనే వంశపారంపర్య జబ్బని తెలిసేసరికి డిగ్రీలో ఉన్నాను. అప్పటికే పక్క చూపు పోయి, గొట్టంలోంచి చూస్తున్నంత మేరే మిగిలింది. అలాంటి రోజుల్లో ఒక ఉచిత శిబిరానికి వెళ్ళాను. డాక్టరుగారు లైటు వేసి చూసి, "దీనికి మందు లేదమ్మా" అన్నారు. ఆ మాట నిజమే, నిజం చెప్పినందుకు ఆయనను తప్పుపట్టను. కానీ ఆ తర్వాత వరసలో ఉన్నవారిని పిలిచారు. నేను ఇంటికి వచ్చి కూర్చున్నాను. ఏళ్ళ తరబడి అలాగే కూర్చున్నాను.

తెల్ల కర్రతో నడవడం నేర్పేవాళ్ళు ఉంటారని, మామూలు ఫోనే తెరమీద ఉన్నదంతా చదివి వినిపిస్తుందని, వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్ ఉంటే చదువులోనూ ఉద్యోగాల్లోనూ నాకొక వాటా ఉందని చివరికి నాకు చెప్పింది బస్సులో పక్క సీట్లో కూర్చున్న ఒక చూపులేని బ్యాంకు ఉద్యోగి. ఆయన ఆరోజు ఆ బస్సు ఎక్కకపోతే నేనిప్పుడు ఎక్కడ ఉండేదాన్నో! ఒక మనిషి బతుకు అలాంటి అదృష్టం మీద ఆధారపడకూడదు. మీ శిబిరంలో, ఆ డాక్టరుగారికి పది అడుగుల దూరంలో, ఇంకొక బల్ల ఉండి ఉంటే సరిపోయేది. "వారిని కలిసి వెళ్ళమ్మా" అని ఆయన చెయ్యి చూపించి ఉంటే చాలు.

శిబిరాలు వద్దని నేను అనడం లేదు. అవి ఎంత మేలు చేశాయో తెలుసు. 2015 నుంచి 2019 వరకు దేశవ్యాప్తంగా జరిగిన అంధత్వ సర్వేలో, యాభై ఏళ్ళు దాటినవారి అంధత్వానికి 66.2 శాతం కారణం శుక్లాలేనని తేలింది. అంటే ఆ అంధులలో ముగ్గురిలో ఇద్దరికి ఆపరేషన్‌తో తిరిగి చూపు తెప్పించవచ్చు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు తొలి విడతలో కోటిన్నర మందికి పైగా కళ్ళు చూపించుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న, సరిగ్గా ప్రపంచ దృష్టి దినోత్సవం నాడు, బడిపిల్లలతో అలాంటి కార్యక్రమమే మొదలైంది. ప్రభుత్వాలు ఇంత చేసినా మీ అవసరం ఉంది. ఎందుకంటే బస్సు దిగి ఆస్పత్రి మెట్లు ఎక్కలేని ముసలమ్మ ఇంటి తలుపు తట్టేది మీరే.

అయితే అదే సర్వేలో ఇంకొక అంకె ఉంది. యాభై దాటినవారి అంధత్వంలో 7.2 శాతానికి కారణం శుక్లాల ఆపరేషన్ తర్వాత వచ్చిన చిక్కులు. ఈ సంగతి ఏ శిబిరం బ్యానరు మీదా కనిపించదు. ఆపరేషన్ ఒక్కరోజు పని. చూపు నిలవడం నెల, నెలన్నర పని. చుక్కల మందు రోజుకు ఇన్నిసార్లని వేయాలి, వారం వారం తగ్గించుకుంటూ రావాలి. కంటికి నీళ్ళు తగలకూడదు, కట్టెల పొయ్యి పొగ తగలకూడదు. కన్ను ఎర్రబడితే, నొప్పి పుడితే, చూపు మసకబారితే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. మర్నాటికి వాయిదా వేయకూడదు. ఒంటరిగా ఉండే డెబ్బై ఏళ్ళ మనిషి ఇదంతా గుర్తు పెట్టుకుంటుందని మనం ఎలా అనుకుంటాం? చుక్కలు వేసే చెయ్యి ఎవరిది? రెండో వారం పరీక్షకు బస్సు ఎవరు పెడతారు? చివరికి అద్దాలకు నంబరు చూసి ఇచ్చేదెవరు? యువజన సంఘంలో పదిమంది ఉంటే ఒక్కొక్కరు ఇద్దరు ముగ్గురి బాధ్యత తీసుకోండి. వీధి పేరు, మనిషి పేరు, చుక్కల మందు వేళలు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ఆశా కార్యకర్తకు కూడా ఒక ప్రతి ఇవ్వండి. రెండో కంట్లోనూ శుక్లం ఉంటే, మొదటి కన్ను బాగుపడిందన్న ధీమాతో వదిలేయకుండా దానికి కూడా తేదీ రాయించండి.

ముసలి ఆడవాళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. "ఈ వయసులో నాకు చూపెందుకు నాయనా, మనవడి ఫీజు కట్టుకోండి" అనే మాట మీరు విన్నదే. శిబిరానికి రావడానికి తోడు లేక, కోతల్లో ఎవరినీ ఆపలేక, ఇంట్లో వంటకు ఇంకొకరు లేక ఆగిపోయేవాళ్ళు ఎక్కువగా వాళ్ళే. అందుకే వచ్చిన వాళ్ళ కార్డులతో పాటు, ఊళ్ళో ఉండీ రాని వాళ్ళ జాబితా కూడా రాసుకోండి. అసలు పని ఆ జాబితాతోనే మొదలవుతుంది.

శిబిరంలో టార్చి వేసి శుక్లం ఉందా లేదా అని మాత్రమే చూసి పంపేస్తే నీటికాసుల జబ్బు తప్పించుకుపోతుంది. గ్లకోమా అని డాక్టర్లు చెప్పేది అదే. చాలామందిలో దానికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. మొదట పక్క చూపును తింటుంది. అలాంటి మనిషి గోడ మీది పట్టికలో చివరి వరస దాకా చదివేస్తాడు. కార్డు మీద "చూపు బాగుంది" అని రాస్తారు. ఇంటికి వెళ్ళే దారిలో అదే మనిషి గుమ్మానికి భుజం కొట్టుకుంటాడు. పోయిన చూపు మళ్ళీ రాదు. ఉన్నది నిలుపుకోవాలంటే జీవితాంతం చుక్కలు వేసుకోవాలి, కొందరికి ఆపరేషన్ కావాలి. కాబట్టి కంటి ఒత్తిడి కొలిచే పరికరం, కంటి నరం చూడగలిగిన మనిషి లేని శిబిరం సగం శిబిరమే. షుగర్ ఉన్నవారికైతే కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసి రెటీనా చూడాలి, అదీ ఏడాదికి ఒకసారి. ఆ వసతి మీ షామియానా కింద లేకపోతే కనీసం ఎక్కడికి వెళ్ళాలో, ఏ రోజు వెళ్ళాలో కార్డు మీద రాసి ఇవ్వండి. "పెద్దాస్పత్రికి వెళ్ళండి" అన్న రెండు ముక్కలు చాలవు.

చత్వారం అద్దాల విషయంలో మీ చేతిలో చాలా ఉంది. నలభై దాటిన నేతగాడికి, దర్జీకి, బీడీలు చుట్టే ఆడవాళ్ళకు దగ్గర చూపు తగ్గడం అంటే కూలి తగ్గడమే. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గర చూపు అద్దాలు ఇచ్చి చూస్తే, అద్దాలు ఇవ్వనివారితో పోలిస్తే వాళ్ళు కోసే ఆకు దాదాపు 22 శాతం ఎక్కువగా పెరిగిందని 2018లో వెలువడిన అధ్యయనం చెప్పింది. ఆ అద్దాలు ఖరీదైనవి కావు. కానీ ఒకే నంబరు అద్దాలు పెట్టె నిండా తెచ్చి అందరికీ పంచకండి. పెట్టుకున్నాక సూదిలో దారం ఎక్కించమనండి, చాటలో బియ్యం పోసి రాళ్ళు ఏరమనండి. చేతికి పని అందిందో లేదో ఆ బల్ల దగ్గరే తేలిపోతుంది.

ఇప్పుడు రెండో బల్ల గురించి. ఈ లేఖలో నేను అడిగేదంతా దాని కోసమే.

ఆ బల్ల వెనుక ఒక చూపులేని మనిషి కూర్చోవాలి. ఇది మొదటి షరతు. ఉద్యోగం చేస్తున్నవారో, చదువుకుంటున్నవారో, దుకాణం నడుపుతున్నవారో ఎవరైనా సరే. ఇంట్లో కూర్చుండిపోయిన పాతికేళ్ళ కుర్రవాడికి ఎన్ని కరపత్రాలు ఇచ్చినా చెప్పలేనిది, అలాంటి మనిషి గొంతు విన్న అయిదు నిమిషాల్లో చెబుతుంది. ఆ కుర్రవాడి తల్లికి ఇంకా ఎక్కువ చెబుతుంది.

బల్ల మీద ఒక మడత కర్ర ఉండాలి. తెల్లగా, కింది ముక్క ఎర్రగా ఉండే అల్యూమినియం కర్ర. దానిని నిలబెడితే మనిషి రొమ్ము ఎముక దాకా రావాలి. అందరికీ ఒకే పొడవు కర్ర తెచ్చి వేదిక మీద పంచిపెట్టడం నేను చాలాచోట్ల విన్నాను. పొట్టి కర్రతో నడిచేవాడు వంగి నడుస్తాడు, గుంత దగ్గరికి వచ్చాక గానీ ఆగలేడు. ఇచ్చాక వాడడం నేర్పాలి. కుడికాలు ముందుకు పడేటప్పుడు కర్ర కొస ఎడమవైపు నేలను తాకాలి, ఎడమకాలు పడేటప్పుడు కుడివైపు. చెప్పడానికి ఒక్క వాక్యమే. కాలికి చేతికి లంకె కుదరడానికి వారాలు పడుతుంది. మోరీ గట్టు, మెట్టు, నిలబెట్టిన మోటారుసైకిలు, కట్టేసిన గేదె, ఒక్కొక్కటీ కర్ర కొసకు ఒక్కోలా తెలుస్తుంది. ఈ నడక నేర్పడంలో శిక్షణ పొందినవాళ్ళు ఉన్నారు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చికిత్సతో బాగుపడని చూపు ఉన్నవారి పునరావాసం కోసం ప్రత్యేక విభాగమే ఉంది. మీ జిల్లాకు అలాంటి శిక్షకులను పదిరోజులు రప్పించడానికి అయ్యే ఖర్చు, మీరు వేదికకు, శాలువాలకు, భోజనాలకు పెట్టే ఖర్చుతో పోలిస్తే ఎక్కువేమీ కాదు.

కర్ర పక్కన ఒక ఫోను ఉండాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే సదుపాయం ఉంటుంది. చాలా ఫోన్లలో శబ్దం పెంచే, తగ్గించే మీటలు రెండూ కాసేపు కలిపి నొక్కి పట్టుకుంటే అది మేలుకుంటుంది. తెర మీద వేలు జరిపితే ఏముందో చెబుతుంది, రెండుసార్లు తట్టితే తెరుచుకుంటుంది. తెలుగులోనూ చదువుతుంది. చేతిలో ఉన్నది ఎంత నోటో చెప్పడానికి రిజర్వు బ్యాంకు 2020లో మణి అనే యాప్ ఇచ్చింది. కంప్యూటర్‌కైతే ఎన్‌వీడీఏ అనే తెర చదివే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. దాన్ని మొదలుపెట్టింది ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు చూపులేని యువకులు. ఇవి జేబులో ఉండి కూడా తెలియక, పక్కింటి పిల్లవాడిని మెసేజ్ చదివిపెట్టమని బతిమాలుతూ బతికేవాళ్ళు మన మధ్య ఎంతమందో! చూపున్న మీ సంఘంలోని కుర్రవాళ్ళు ఒక సాయంత్రం కూర్చుంటే వీటన్నిటినీ నేర్చుకోగలరు, నేర్పగలరు.

మూడోది కాగితాల పని. సదరం శిబిరానికి స్లాట్ దొరకడం, ఆ రోజు తోడు వెళ్ళడం, ఆధార్‌లో పేరు ఒకలా రేషన్ కార్డులో ఇంకోలా ఉంటే సరిచేయించడం, ఇవన్నీ చూపులేని మనిషికి కొండలే. నలభై శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తేనే పింఛను, రిజర్వేషన్. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు కనీసం నాలుగు శాతం ఇవ్వాలి. అందులో ఒక శాతం చూపులేనివారికి, చూపు బాగా తగ్గినవారికి. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచిత చదువు హక్కు. చట్టం ఉంది, కానీ దాని ఫలం అందాలంటే ముందు ఆ సర్టిఫికెట్ చేతికి రావాలి. దానికి కావలసింది బల్ల దగ్గర ఒక ల్యాప్‌టాప్, ఓపిక ఉన్న ఒక అమ్మాయి.

ఇంకొకటి, పరీక్షలు రాసిపెట్టేవాళ్ళు. చూపులేని మా పిల్లలకు పాఠం వచ్చు, జవాబు వచ్చు. కాగితం మీద పెట్టడానికి ఒక చెయ్యి కావాలి. గంటకు ఇరవై నిమిషాల అదనపు సమయం ఇస్తారు. కానీ పరీక్షకు రెండు రోజుల ముందు "నేను రాలేను" అని రాసిపెట్టే పిల్లవాడు ఫోన్ చేస్తే ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ నిద్రపోరు. ఇది నేను ప్రతి మార్చిలో చూస్తున్నాను. మీ ఊరి కాలేజీల నుంచి రాసిపెట్టడానికి సిద్ధంగా ఉన్న పిల్లల పేర్లు, తరగతులు, ఫోన్ నంబర్లు ఒక పట్టికగా తయారుచేసి ఆ బల్ల మీద పెట్టండి. రాసేవారి చదువు పరీక్ష స్థాయికంటే తక్కువ ఉండాలన్న నియమం ఉంటుంది కాబట్టి అన్ని తరగతుల వారినీ చేర్చండి. రక్తదాతల జాబితాలు నడుపుతున్న సంఘాలకు ఇదేమంత కష్టం కాదు.

ఈ రెండు పనులూ ఒకచోట ఉండాలన్నది నా కొత్త ఆలోచన కాదు. 1925లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో లయన్స్ క్లబ్బుల మహాసభలో, చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ మాట్లాడినప్పుడు రెండూ కలిపే అడిగారు. నివారించగల అంధత్వం లేని రోజు త్వరగా రావాలన్నారు. అంతే గట్టిగా, చూపూ వినికిడీ లేని ఏ బిడ్డా చదువు లేకుండా, చూపులేని ఏ మనిషీ ఆసరా లేకుండా ఉండకూడదన్నారు. వందేళ్ళు గడిచాయి. మనం మొదటి సగం మాత్రం పట్టుకున్నాం.

అవగాహన కార్యక్రమాల మీద కూడా ఒక మాట. చాలా కాలేజీల్లో కళ్ళకు గంతలు కట్టుకుని నడిచే కార్యక్రమం పెడుతున్నారు. ఉద్దేశం మంచిదే. కానీ గంట సేపు గంతలతో నడిచినవాడికి తెలిసేది భయం, తడబాటు. చూపులేకుండా ఇరవై ఏళ్ళు బతికిన మనిషి నేర్పు అందులో తెలియదు. గంతలు విప్పాక "పాపం, ఎలా బతుకుతారో" అనుకుంటూ ఇంటికి వెళతారు. దానికి బదులు చూపులేనివారి క్రికెట్ మ్యాచ్ పెట్టండి. బంతిలో బేరింగ్ గుళ్ళు గలగలమంటాయి, బౌలర్ చెయ్యి కిందినుంచి నేలబారుగా వేస్తాడు. బొత్తిగా చూపులేని ఆటగాడు కొట్టిన పరుగులు రెట్టింపుగా లెక్కకు వస్తాయి. అది ఆడుతున్నప్పుడు ప్రేక్షకులు నిశ్శబ్దంగా ఉండాలి. మన ఊళ్ళో క్రికెట్ చూస్తూ నోరు మూసుకుని కూర్చోవడం కొత్త అనుభవమే. మన ఆంధ్రకు చెందిన అజయ్ కుమార్ రెడ్డి భారత అంధుల జట్టుకు కెప్టెన్‌గా ఆడి 2023 అర్జున పురస్కారం అందుకున్నారు. 2025 నవంబరులో కొలంబోలో చూపులేని మహిళల తొలి టీ20 ప్రపంచకప్పును మన దేశం గెలిచింది. ఆ జట్టులో అల్లూరి సీతారామరాజు జిల్లా అమ్మాయి ఉంది. ఈ సంగతి తెలిసిన తండ్రి తన కూతుర్ని గదిలో కూర్చోబెట్టడు.

ఫొటోల విషయంలో ఒక విన్నపం. ఆపరేషన్ అయి కంటి మీద గుడ్డతో ఉన్నవారిని వరసగా నిలబెట్టి, పూలదండలు పట్టుకున్నవారిని మధ్యలో నిలబెట్టి తీసే ఫొటో మానండి. వాళ్ళు అడిగి తీయించుకుంటున్న ఫొటో కాదది. అలాగే చూపులేనివారిని వేదిక మీదికి తీసుకువెళ్ళేటప్పుడు రెక్క పట్టుకుని లాగకండి. మీ మోచెయ్యి అందించండి, అరడుగు వెనుక ఉండి మీతో నడుస్తాం. మెట్లు వస్తే ఎక్కేవో దిగేవో చెప్పండి, చాలు.

శిబిరానికి వచ్చే తల్లులకు మైకులో చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. నెలలు నిండకుండా, రెండు కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ రెటీనాను నెలలోపు పరీక్ష చేయించాలి. ఆ నెల దాటితే కొందరు బిడ్డలకు ఎప్పటికీ చూపు రాదు. కంట్లో వరి పొట్టు గానీ వెన్ను గానీ గుచ్చుకుంటే ఆకు పసరు పోయకూడదు, చంటిబిడ్డ తల్లి పాలు పోయకూడదు, మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేయకూడదు. పుండు పడి నల్లగుడ్డు మీద పువ్వు మిగులుతుంది. మేనరికం చేసుకునే కుటుంబాలకు, ముఖ్యంగా ఇంట్లో ఇప్పటికే ఒకరికి పుట్టుకతో చూపు సమస్య ఉంటే, పెళ్ళికి ముందే జన్యు సలహా తీసుకోమని చెప్పండి. మా ఇంట్లో ఆ మాట చెప్పేవారు ఉండి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. నేత్రదానం గురించి చెప్పేటప్పుడు ఆరు గంటల్లోపు కబురు చేయాలని, ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, తడిదూది ఉంచి, తల కింద దిండు పెట్టాలని కూడా చెప్పండి. సంతకాలు చేసిన ఫారాలు మన దగ్గర చాలా ఉన్నాయి, ఆ గంటల్లో ఫోన్ చేసే చేతులు తక్కువ.

ప్రవాస సంఘాల వారికి వేరుగా ఒక మాట. మీ పుట్టిన ఊరికి ఒక్క రోజు శిబిరానికి పంపే డబ్బును ఏడాది మీద పరచండి. అక్టోబరులో శిబిరం జరిగితే, నవంబరులో ఆపరేషన్ అయినవారి చూపు పరీక్షకు, డిసెంబరులో కర్ర నడక శిక్షణకు, జనవరి 4న లూయీ బ్రెయిల్ జయంతికి పిల్లలకు బ్రెయిల్ పలకలు, పుస్తకాలకు, మార్చిలో పరీక్షలు రాసిపెట్టే పిల్లల ప్రయాణ ఖర్చులకు కొంత కొంత ఇవ్వండి. నిర్వాహకులను మీరు అడిగే లెక్క కూడా మార్చండి. ఎంతమంది వచ్చారని కాక, ఆరు వారాల తర్వాత ఎంతమందికి చూపు నిలిచిందని, రెండో బల్ల దగ్గరికి వచ్చిన వాళ్ళలో ఎంతమంది ఇప్పుడు ఒంటరిగా బస్సు ఎక్కుతున్నారని అడగండి.

మా జిల్లాలో ఉద్యోగాలు చేస్తున్న చూపులేని ఉపాధ్యాయులం, బ్యాంకు ఉద్యోగులం కొందరం ఉన్నాం. ఏ ఊళ్ళో శిబిరం పెట్టినా రెండో బల్ల దగ్గర కూర్చోవడానికి వస్తాం. సెలవు పెట్టకుండా రావాలంటే ఆదివారం అయితే మాకు వీలు. బస్టాండులో దిగాక స్కూలు దాకా తోడు రావడానికి ఒకరిని పంపండి, మిగతాది మేము చూసుకుంటాం. కర్రలు, ఫోన్లు మావే తెస్తాం. బల్ల, నాలుగు కుర్చీలు, డాక్టరుగారి బల్లకు దగ్గరగా కాస్త నీడ మీరు ఏర్పాటు చేయండి.

ఇట్లు,
ఒక సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు